బడిలో గాలి, వెలుతురు, నీరు, మరుగుదొడ్లు: కొలిచి తనిఖీ చేసే పద్ధతి

బడి ఎలా ఉండాలో చెప్పినవాళ్ళకు ఏ కాలంలోనూ కొదవ లేదు. జర్మన్ వైద్యుడు యోహాన్ పీటర్ ఫ్రాంక్ 1779లో మొదలుపెట్టి సంపుటాలుగా వెలువరించిన ప్రజారోగ్య గ్రంథంలోనే బడి గదుల వెలుతురు, వేడి, గాలి గురించి సూచనలున్నాయి. ఆ మాటలు తరగతి గడప తొక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దం మధ్యలో కొందరు వైద్యులు కొలబద్ద, గడియారం, కంటి పరీక్ష అట్ట పట్టుకుని బడుల్లోకి వెళ్ళి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాకే గోడలు, కిటికీలు, బెంచీలు మారసాగాయి. కింద చెప్పిన తనిఖీ అదే దారిలోనిది. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులు, ఆరోగ్య కార్యకర్తలు ఎవరైనా రెండు రోజుల్లో చేయవచ్చు.

సామాను పెద్దగా అక్కర్లేదు. 5 మీటర్ల టేపు, సెకన్ల ముల్లున్న గడియారం, లీటరు కొలపాత్ర, డీపీడీ మాత్రలతో వచ్చే క్లోరిన్ పరీక్ష పెట్టె, కంటి పరీక్ష అట్ట, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరికితే మంచిదే, లేకపోయినా పని ఆగదు. వెలుతురును లక్స్ అనే కొలతలో చూపే ఫోన్ యాప్ అంకెను నమ్మలేం గానీ, గదిలో ఏ మూల ఎక్కువ మసకగా ఉందో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

సామాను కంటే వేళ ముఖ్యం. ఉదయం బడి తెరిచిన వెంటనే వెళ్తే ఊడ్చిన గది, కడిగిన దొడ్డి, నిండిన ట్యాంకు కనిపిస్తాయి. అందుకే గదుల్లోకి రెండో పీరియడ్ చివర్లో, పిల్లలంతా కూర్చుని ఉండగా వెళ్ళాలి. మరుగుదొడ్లను ఇంటర్వెల్ ముగిసిన ఐదు నిమిషాలకు చూడాలి. కుళాయిల దగ్గర భోజనం బెల్లు కొట్టకముందే నిలబడాలి. ముందుగా కబురు పెట్టి చేసే తనిఖీలో తెలిసేది ఒక్కటే, వాళ్ళు ఒక పూటలో ఎంత సర్దగలరన్నది. రెండు రోజుల్లో ఒకటి వాన రోజైతే మరీ మంచిది. వాన పడితే కిటికీలు మూస్తారు, దొడ్డికి వెళ్ళే దారి బురదవుతుంది, దాచిన లోపాలన్నీ పైకి తేలతాయి.

గాలి

మ్యూనిక్‌కు చెందిన ఆరోగ్య శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లో ఒక చిక్కుముడి విప్పాడు. జనం నిండిన గదిలో గాలి చెడిందని ముక్కుకు తెలుస్తుంది, కానీ ఎంత చెడిందో చెప్పేదెలా? మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తుగా పెట్టుకోమన్నాడు. ఆ మోతాదులో అది విషమని కాదు. అది ఎంత పోగైతే, అవతలివాళ్ళు వదిలిన శ్వాస అంత పోగైనట్టు. వెయ్యి వంతుల్లో ఒక వంతు, అంటే 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాటకూడదని ఆయన గీసిన గీత నేటికీ వాడుకలో ఉంది.

మీ గదికి ఆ లెక్క ఒకసారి వేసి చూడండి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 144 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 40 మంది పిల్లలు కూర్చుని, ఒక్కొక్కరు గంటకు సుమారు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలితే మొత్తం 600 లీటర్లు. తలుపులు, కిటికీలు మూసేస్తే గంటకు 4000 పీపీఎంకు పైగా పెరుగుతుంది. బయటి గాలిలోనే ఇప్పుడు 420 పైచిలుకు ఉంది కాబట్టి, 1000 గీత దాటడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు చాలు. హాజరు పట్టీ పిలవడం పూర్తయ్యే లోపే అన్నమాట. గీత దాటకుండా ఉండాలంటే ఒక్కో పిల్లవాడికి సెకనుకు సుమారు 7 లీటర్ల కొత్త గాలి, 40 మందికి 280 లీటర్లు లోపలికి రావాలి. ఈ లెక్క తెలిశాక "ఒక కిటికీ తీశాం కదా" అనే మాట నోట రాదు.

మీటరు ఉంటే ముందు ఆరుబయట పది నిమిషాలు పెట్టి, 420కి దగ్గరగా చూపుతోందో లేదో చూడాలి. 600 చూపే మీటరుతో గదిలోకి వెళ్తే అంకెలన్నీ తప్పే. గదిలో దాన్ని కూర్చున్న పిల్లల తల ఎత్తులో, ఎవరి నోటికీ మీటరు దూరంలోపు కాకుండా, కిటికీకి దూరంగా ఉంచాలి. పిల్లలు రాకముందు, పావుగంటకు, ముప్పావు గంటకు, పీరియడ్ చివర నాలుగుసార్లు రాసుకోవాలి. 1000 లోపైతే సరే. 1000 నుంచి 1500 మధ్య ఉంటే ఇంకా కిటికీలు తెరవాలి. 1500 పైన పోతుంటే ఆ గదిలో పిల్లల సంఖ్య తగ్గించాలి, లేదా గోడకు కొత్త తెరపు పెట్టాలి.

మీటరు లేనివాళ్ళకు ముక్కుంది. దాన్ని వాడే తీరు మాత్రం తెలియాలి. 1870లలో బ్రిటిష్ సైనిక వైద్యుడు ద షోమాన్ గదుల గాలిని పరీక్షించినప్పుడు బయటి గాలిలోంచి నేరుగా లోపలికి అడుగుపెట్టి, ఆ క్షణాన తోచిన వాసననే లెక్కలోకి తీసుకున్నాడు. లోపల కాసేపు ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే గదిలో ఉన్న టీచరును "గాలి బాగుందా?" అని అడగడం వృథా. ఐదు నిమిషాలు బయట నిలబడి, తలుపు తీసి, మొదటి ఊపిరికి ఏమనిపించిందో రాయండి.

ఎక్కువగా కనిపించే లోపాలు మూడు నాలుగే. కిటికీలన్నీ ఒకే గోడకు ఉంటాయి, కాబట్టి గాలి రావడమే గానీ పోవడం ఉండదు. రంగు వేసేటప్పుడు రెక్కలు చట్రానికి అతుక్కుపోయి మళ్ళీ తెరుచుకోవు. పుస్తకాల బీరువా సగం కిటికీని కప్పేస్తుంది. ఇక ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి గాలి బాగుందనుకోవడం: ఫ్యాన్ ఉన్న గాలినే కలియదిప్పుతుంది, బయటి గాలి చుక్క కూడా తేదు. ఎదురెదురు గోడలకు తెరపులుండాలి, ఒకటి కిందికి, ఒకటి పైకప్పు దగ్గరికి ఉంటే గాలి బాగా కదులుతుంది. కట్టడం మార్చలేని చోట పీరియడ్ పీరియడ్‌కూ ఐదు నిమిషాలు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి పిల్లల్ని బయటికి పంపండి.

గాలి మీద పట్టుదల ఒక దశలో పరాకాష్ఠకు చేరింది. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో పైన్ అడవిలో ఆరుబయటి బడి పెట్టారు. బలహీనంగా ఉన్న పిల్లలకు చెట్ల కిందే చదువు, భోజనం, విశ్రాంతి. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లోనూ అలాంటిది వెలిసింది. ఆ తర్వాత కట్టిన మామూలు బడుల్లో కూడా గోడంత కిటికీలు రావడానికి ఆ ప్రయోగాల ప్రభావం ఉంది.

వెలుతురు, కళ్ళు

ఇప్పుడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్‌ నగరంలో కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది విద్యార్థుల కళ్ళు పరీక్షించి 1867లో ఫలితాలు ప్రకటించాడు. తరగతి పెరిగేకొద్దీ దూరపు చూపు మందగించిన పిల్లలు పెరుగుతున్నారని తేలింది. చీకటి గదుల్లో పుస్తకానికి మొహం ఆనించి చదవడమే కారణమని ఆయన నమ్మాడు. గాజు వైశాల్యం నేల వైశాల్యంలో ఐదో వంతైనా ఉండాలన్న నియమం ఆ కాలంలో అలా స్థిరపడిందే.

కొలిచేటప్పుడు చట్రాన్ని కాదు, గాజును కొలవాలి. 48 చదరపు మీటర్ల గదికి 9.6 చదరపు మీటర్ల గాజు కావాలి. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గాజున్న కిటికీలు నాలుగుంటే వచ్చేది 7.2 మాత్రమే, అంటే ఏడో వంతుకు దగ్గర. చూడ్డానికి గది వెలుగుగానే ఉంటుంది. లోపలి వరుసలో కూర్చున్న పిల్లవాడికి తెలుస్తుంది తేడా. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో, పగటి వెలుతురు దానికి రెండు రెట్ల దూరం వరకే సరిగా పోతుంది. పై అంచు 2.4 మీటర్లుంటే 4.8 మీటర్ల తర్వాత కూర్చున్నవాళ్ళకు దీపం కావాలి. డెస్కు మీద 300 లక్స్, నల్లబల్ల మీద 500 లక్స్ ఉంటే సరిపోతుంది.

పాత తనిఖీదారుల పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. గదిలో అన్నిటికన్నా చీకటి సీటులో కూర్చుని, తల పిల్లవాడి తల ఎత్తుకు దించి కిటికీ వైపు చూడండి. ఆకాశం ముక్కైనా కనబడాలి. ఎదుటి గోడో చెట్టో మాత్రమే కనిపిస్తే ఆ సీటుకు పగటిపూట కూడా దీపం ఉండాలి.

వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలన్నది కుడిచేత్తో రాసేవారి కోసం, రాసే చేతి నీడ అక్షరాల మీద పడకుండా. ఎడమచేతివాళ్ళను గదికి రెండో వైపు, లేదా దీపం సరిగా పడే చోట కూర్చోబెట్టండి. పిల్లల మొహానికి ఎదురుగా, అంటే నల్లబల్ల ఉన్న గోడకే కిటికీ ఉంటే దాన్ని పరదాతో మూయాలి. నల్లబల్ల మెరుస్తుంటే రెండు చివర్ల సీట్ల నుంచి అక్షరాలు కనబడవు. మెరుపు లేని రంగు మళ్ళీ వేయించడం ఒక్కటే మందు.

కోన్ చెప్పిన కారణం గురించి ఒక మాట. ఇప్పటి పరిశోధన గదిలో దీపాల కంటే పిల్లలు ఆరుబయట గడిపే సమయం వైపు ఎక్కువగా చూస్తోంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా పెట్టారు. మూడేళ్ళలో ఆ బడుల్లో 30.4 శాతం మందికి, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరపు చూపు మందగించడం) వచ్చిందని 2015లో ప్రకటించారు. కాబట్టి కిటికీలతో పాటు టైంటేబులు కూడా తనిఖీలో భాగమే. ఆటల పీరియడ్ కాగితం మీద ఉండి లెక్కల మాస్టారి చేతికి పోతోందేమో చూడండి.

చూపు పరీక్షకు 1862లో డచ్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ తెచ్చిన అక్షరాల అట్టే ఇప్పటికీ ఆధారం. అట్టను పిల్లల కంటి ఎత్తులో, వెలుతురు పడేలా తగిలించి 6 మీటర్ల దూరంలో గీత గీయాలి. గది చిన్నదైతే 3 మీటర్లకు తయారైన అట్టే వాడాలి, 6 మీటర్ల అట్టను దగ్గరకు జరపకూడదు. ఒక్కో కన్ను విడిగా చూడాలి. రెండో కంటిని అట్టముక్కతో కప్పాలి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, అరచేత్తో నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది. అన్నిటికన్నా పెద్ద మోసం వరుసలో జరుగుతుంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళు చదివింది విని కంఠతా పట్టేస్తారు. ఒక్కొక్కరినే లోపలికి పిలవండి. ఏ కంటికైనా 6/12 (మామూలు చూపువాళ్ళు 12 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం) లేదా అంతకంటే తక్కువ వచ్చినా, రెండు కళ్ళ మధ్య రెండు వరుసల తేడా ఉన్నా కంటి వైద్యుడి దగ్గరికి పంపాలి.

బెంచీ, డెస్కు

1860లలో జ్యూరిక్ వైద్యుడు ఫార్నర్ బడి బెంచీలు కొలిచి, పిల్లలు వంగడం వాళ్ళ తప్పు కాదు, బెంచీకి డెస్కుకు మధ్య ఎడం వల్లనేనని చూపించాడు. డెస్కు అంచు నుంచి దారం వేలాడదీస్తే అది బెంచీ మీద, ముందు అంచు నుంచి 3 నుంచి 5 సెంటీమీటర్లు లోపలికి పడాలి. అంటే బెంచీ కొంచెం డెస్కు కిందికి చొచ్చి ఉండాలి. దారం బెంచీ ముందు ఖాళీలో పడితే రాసే ప్రతి పిల్లవాడూ ముందుకు ఒరగక తప్పదు.

బెంచీ ఎత్తు అరికాలి నుంచి మోకాలి వెనక మడత దాకా ఉన్న పొడవుకు సమానంగా ఉండాలి. పాదాలు గాల్లో వేలాడితే బెంచీ ఎక్కువ ఎత్తు, కింద పలక వేయాలి. చేతులు వేలాడేసి కూర్చున్నప్పుడు మోచేయి ఎంత ఎత్తులో ఉందో డెస్కు దానికంటే 2 నుంచి 4 సెంటీమీటర్లు పైన ఉంటే చాలు. భుజాలు చెవుల దాకా లేచాయంటే డెస్కు ఎక్కువ ఎత్తని అర్థం. ఒకే తరగతిలో పిల్లల ఎత్తులు బాగా తేడా ఉంటాయి కాబట్టి గదికి కనీసం రెండు కొలతల బెంచీలుండాలి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అన్న పాత అలవాటును చూపు తక్కువైన పొడుగు పిల్లల కోసం సడలించాలి. మొదటి వరుసకు, నల్లబల్లకు మధ్య కనీసం 2 మీటర్లు వదలండి.

నీరు

ఇక్కడ రెండు ప్రశ్నలు: సరిపోతుందా, తాగొచ్చా. చాలా బడుల్లో రెండోదాని గురించే మాట్లాడతారు. పిల్లలు రోజూ పడే బాధ మొదటిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన బడుల ప్రమాణాల ప్రకారం పగటి బడిలో తలకు రోజుకు 5 లీటర్లు, రాత్రిళ్ళు ఉండే బడిలో 20 లీటర్లు కావాలి. నీళ్ళు పోసి వాడే మరుగుదొడ్లుంటే అదనంగా తలకు 1.5 నుంచి 3 లీటర్లు, మలవిసర్జన తర్వాత కడుక్కోవడానికి 1 నుంచి 2 లీటర్లు. 300 మంది పిల్లలు, 12 మంది సిబ్బంది ఉన్న పగటి బడిలో ఎక్కువ అంకెలు (5, 3, 2) తీసుకుంటే 312 ను 10 తో గుణించాలి, 3,120 లీటర్లు. డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే, రోజుకు మూడుసార్లు నిండితే తప్ప మధ్యాహ్నానికి కుళాయిలు ఎండిపోతాయి. మరుగుదొడ్లు కంపు కొట్టడానికి మూలం చాలాసార్లు ఈ గుణకారంలోనే దొరుకుతుంది.

క్లోరిన్ కలిపే పద్ధతి ఇది. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 25 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, 40 గ్రాములు ఒక లీటరు నీటిలో కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. ప్లాస్టిక్ పాత్రలో కలిపి, తెల్లటి మడ్డి అడుగుకు దిగే వరకు ఆగి, పైన తేటను వంపుకోవాలి. 1000 లీటర్ల ట్యాంకుకు ఆ తేట 200 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు అవుతుంది. అరగంట ఆగి, ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి దగ్గర నీళ్ళు పట్టి డీపీడీ మాత్ర వేసి చూడాలి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గులాబీ రంగు రాకపోతే మర్నాడు 50 మిల్లీలీటర్లు పెంచండి. రంగు మరీ ముదురైతే, పిల్లలు వాసనకు నీళ్ళు తాగడం మానేస్తే, తగ్గించండి.

ఎంత పోసినా క్లోరిన్ మిగలడం లేదంటే కారణాలు తెలిసినవే. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్ సత్తువ కోల్పోయి ఉంటుంది. ట్యాంకు అడుగున పేరుకున్న పాచి, బురద క్లోరిన్‌ను తినేస్తాయి. నీళ్ళు మట్టిగా ఉంటే క్రిములు ఆ రేణువుల చాటున బతికిపోతాయి, ముందు తేర్చి వడగట్టాలి. మూత లేని ట్యాంకులో ఎండ మిగతా పని చేస్తుంది. ట్యాంకును ఆరు నెలలకోసారైనా ఖాళీ చేసి తోమాలి. సెలవుల తర్వాత బడి తెరిచేముందు గొట్టాల్లో నిలిచిన నీటిని కుళాయిలన్నీ తిప్పి వదిలేయాలి. ఇంకొకటి, దొడ్డి కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎన్నడూ కలపవద్దు, పక్కపక్కన కూడా పెట్టవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేచి ఊపిరాడకుండా చేస్తుంది.

తాగే చోట అందరూ ఒకే గ్లాసు వాడుతున్నారా, కుండలో చేయి ముంచుతున్నారా చూడండి. 1909లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఆరోగ్య అధికారి శామ్యూల్ క్రంబైన్ పూనికతో రైళ్ళలో, బడుల్లో ఉమ్మడి గ్లాసును నిషేధించింది. క్షయ లాంటి జబ్బులు గ్లాసుతో పాటు చేతులు మారతాయన్నది ఆనాటి వాదన. మూత, కుళాయి ఉన్న పాత్ర, ఎవరి గ్లాసు వాళ్ళది ఉంటే ఆ సమస్య తీరినట్టే.

చేతులు కడిగే చోటు

చేతులు కడుక్కోవాలని గోడ మీద రాయించడం సులువు. కుళాయిల లెక్క ఎవరూ వేయరు. సబ్బుతో సరిగా కడిగితే ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది. భోజనానికి ముందు పది నిమిషాలిస్తే ఒక కుళాయి దగ్గర 20 మంది కడుక్కోగలరు. 300 మందికి 15 కావాలి. మూడే ఉంటే ఏం జరుగుతుందో బెల్లుకు ముందే అక్కడ నిలబడితే మీకే తెలుస్తుంది: పెద్దవాళ్ళు తోసుకుంటారు, చిన్నవాళ్ళు లాగుకు తుడుచుకుని వెళ్ళిపోతారు.

పదిహేను కుళాయిలు కొనక్కర్లేదు. ఒక చివర మూసిన పీవీసీ గొట్టానికి 40 సెంటీమీటర్లకొకటి చొప్పున సన్నని రంధ్రాలు చేసి, చిన్నపిల్లల నడుము ఎత్తున కొంచెం వాలుగా బిగించి, మొదట్లో ఒక వాల్వు పెడితే సరి. కింద సిమెంటు కాలువ, దాన్నుంచి చెట్ల వైపు దారి ఉండాలి. వాల్వు తిప్పే పని ఒకరికి అప్పజెప్పాలి. రంధ్రాలు పెద్దవైతే మొదటి నాలుగింటికే నీరంతా పోయి చివరివాళ్ళకు చుక్క రాదు. కాబట్టి ముందు సన్నగా చేసి, చూసి, అవసరమైతే పెంచండి.

కుళాయి నీరే లేని చోట కాలితో తొక్కే డబ్బా పనిచేస్తుంది. పంగలున్న 2 మీటర్ల కర్రలు రెండు తీసుకుని, 70 సెంటీమీటర్ల ఎడంతో 45 సెంటీమీటర్ల లోతు గుంతల్లో పాతాలి. 5 లీటర్ల డబ్బాకు మూత నుంచి 12 సెంటీమీటర్ల కింద, కాల్చిన మేకుతో రంధ్రం చేయాలి. డబ్బా పిడిలోంచి అడ్డకర్ర దూర్చి పంగల మీద పెట్టాలి. మూతకు కట్టిన తాడు కింద నేలకు కాస్త పైన ఒక పుల్లకు ముడివేయాలి. పుల్ల తొక్కితే డబ్బా వంగి నీళ్ళు పడతాయి, చేత్తో దేన్నీ తాకే పని లేదు. కింద గులకరాళ్ళు పరవకపోతే రెండు రోజుల్లో బురద గుంట తయారవుతుంది.

సబ్బు మాయమవుతుంటే తాళం వేయడం పరిష్కారం కాదు, అప్పుడు అసలు వాడకమే ఆగిపోతుంది. ఒకటిన్నర లీటరు సీసా నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిన్న రంధ్రం చేసి కట్టి ఉంచండి. ఎవరూ ఇంటికి పట్టుకుపోరు, వానకు కరిగిపోదు.

మరుగుదొడ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇలా ఉంది: 25 మంది ఆడపిల్లలకు ఒకటి, 50 మంది మగపిల్లలకు ఒక మరుగుదొడ్డి, ఒక మూత్రశాల. సిబ్బందికి స్త్రీలకొకటి, పురుషులకొకటి వేరుగా. దూరం 30 మీటర్లు దాటకూడదు. 140 మంది ఆడపిల్లలుంటే ఆరు కావాలి.

లెక్కపెట్టాల్సింది కట్టినవి కాదు, ఇప్పుడు వాడదగ్గవి. ప్రతి గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టి చూడండి. గడియ పడుతుందా, లోపల వెలుతురుందా, బకెట్లో నీళ్ళున్నాయా, మగ్గు ఉందా, నీళ్ళు పోస్తే దిగుతోందా, బట్టలు తగిలించే కొక్కెం ఉందా? ఒక్కటి లేకపోయినా ఆ గది లెక్కలోకి రాదు. తాళం వేసి తాళం చెవి స్టాఫ్ రూములో పెట్టినదీ రాదు. పేరుకు ఆరున్న బడిలో ఇలా చూస్తే రెండే మిగలడం అరుదేమీ కాదు.

25 మందికి ఒకటి అన్నా అందరూ ఒక్కసారిగా వస్తే చాలదు. పది నిమిషాల ఇంటర్వెల్‌లో తలకు రెండు నిమిషాల చొప్పున ఒక గది ఐదుగురికే సరిపోతుంది. అందుకే చిన్న తరగతులకు, పెద్ద తరగతులకు ఇంటర్వెల్ వేర్వేరు వేళల్లో ఇవ్వాలి, పీరియడ్ మధ్యలో వెళ్ళే పిల్లల్ని ఆపకూడదు. వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. కొందరిని విడిగా అడిగి చూడండి. ఒక టీచరమ్మ అడిగితేనే జవాబు వస్తుంది.

నెలసరి రోజుల్లో పెద్ద తరగతుల ఆడపిల్లలు బడి మానకుండా ఉండాలంటే కనీసం ఒక గదిలోనైనా లోపలే కుళాయి, సబ్బు, మూత ఉన్న బుట్ట ఉండాలి. బుట్టను రోజూ ఎవరు, ఎక్కడికి తీసుకెళ్ళి ఏం చేస్తారో ముందే తేలాలి. లేదంటే వారంలో అవన్నీ దొడ్డి గొట్టంలోకి పోయి అది మూసుకుపోతుంది.

కడగడానికి ఒక వరుస ఉంది. ముందు చెత్త తీయాలి, తర్వాత సబ్బు పొడి, బ్రష్షుతో తోమి నీళ్ళతో కడగాలి, చివరగా గడియ, కుళాయి పిడి, మగ్గు పట్టుకునే చోట్ల 0.1 శాతం క్లోరిన్ నీటితో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వాలి. పైన చెప్పిన 1 శాతం తేట ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపితే అదే 0.1 శాతం. మురికి మీద క్లోరిన్ పోస్తే మురికికే ఖర్చయిపోతుంది. ఫినాయిల్ వాసన వస్తోందంటే ఫినాయిల్ చల్లారని మాత్రమే అర్థం. దొడ్డి గుడ్డ, బ్రష్షు తరగతి గదుల వైపు రాకూడదు, వాటికి వేరే రంగు కేటాయించండి. పని రోజుకు రెండుసార్లు, ఇంటర్వెల్ తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి జరగాలి. దొడ్డి కడగడం పిల్లలకు శిక్షగా వేయడం ఏ విధంగానూ తగదు.

తరగతి గదుల గురించి ఒక్క మాటతో సరిపెడతాం. 1882లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నాక, లేచే దుమ్ముతో క్రిములు కూడా లేస్తాయేమోనని పొడి చీపురు మీద అనుమానం మొదలైంది. పిల్లలు కూర్చుని ఉండగా ఊడ్చకండి. బడి వదిలాక నేల మీద నీళ్ళు చిలకరించి, కిటికీలు తెరిచి ఊడ్చి, బెంచీలు తడి గుడ్డతో తుడవండి.

జబ్బులు, హాజరు పట్టీ

బడి వైద్యుల ఏర్పాటు 1874లో బ్రస్సెల్స్‌లో మొదలైంది. 1894లో డిఫ్తీరియా ప్రబలినప్పుడు బోస్టన్ నగరం బడులను 50 విభాగాలు చేసి ఒక్కోదానికి ఒక వైద్యుణ్ణి పెట్టింది. ఇంగ్లండ్ 1907లో బడి పిల్లల వైద్య పరీక్షల కోసం చట్టం చేసింది. మన దగ్గర 1909లో బరోడాలో మొదటిసారి బడి పిల్లలకు వైద్య పరీక్షలు జరిగాయి.

వీటన్నిటిలో ఎక్కువ నేర్పేది న్యూయార్క్ అనుభవం. అక్కడ వైద్యులు గజ్జి, పేలు, కళ్ళకలక ఉన్న పిల్లల్ని గుర్తించి ఇంటికి పంపేవారు. ఇంట్లో వైద్యం అందేది కాదు, పిల్లలు వారాల తరబడి బడికి దూరమయ్యేవారు. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో పెట్టి చూశారు. చిన్నచిన్న జబ్బులకు బడిలోనే మందు వేసి, మిగతా పిల్లల ఇళ్ళకు వెళ్ళి తల్లులకు పద్ధతి చూపించేవారు. ఫలితం చూసి నర్సుల సంఖ్య పెంచారు. 1902 సెప్టెంబరులో 10,567 మందిని బడి నుంచి పంపేయగా, ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య 1,101కి దిగింది.

కాబట్టి ఉదయం వరుసలో నిలబెట్టి చూసేటప్పుడు "ఎవరిని పంపాలి" అని కాకుండా "ఎవరికి ఏం చేయాలి" అన్న గడి పట్టీలో ఉండాలి. జ్వరం, విరేచనాలు, ఒంటి మీద కొత్తగా పొక్కులు ఉంటే ఇంటికి, వైద్యుడి దగ్గరికి. పేలుంటే బడి మాన్పించే పని లేదు. సాయంత్రం తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి మందు, దువ్వెన సంగతి చెప్పాలి, నలుగురిలో పేరు పిలవకూడదు. నులిపురుగులు 20 శాతం మందికి పైగా ఉన్న ప్రాంతాల్లో ఏడాదికోసారి, 50 శాతం దాటితే రెండుసార్లు మాత్ర వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బడి పిల్లలకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు, ఆరోగ్య సిబ్బంది సమక్షంలో నమిలించాలి.

హాజరు పట్టీలో "రాలేదు" పక్కన కారణం కూడా రాయించండి: జ్వరం, కడుపు, కళ్ళు, చర్మం, పని, తెలియదు. ఒకే వారంలో ఒకే తరగతి నుంచి ముగ్గురు నలుగురికి "కడుపు" అని పడితే ఆ రోజే తాగునీటి కుళాయి దగ్గర క్లోరిన్ చూడాలి.

తనిఖీ నోటుబుక్కులో ప్రతి లోపానికీ నాలుగు గళ్ళు చాలు: కొలిచిన అంకె, ఉండాల్సిన అంకె, చేయాల్సిన మనిషి పేరు, తేదీ. "మరుగుదొడ్లు మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరికీ అంటదు. "ఆడపిల్లల వైపు మూడో గది, గడియ లేదు, శుక్రవారంలోపు బిగించాలి" అని పేరుతో సహా రాస్తే జరుగుతుంది. ముందు గడియలు, మగ్గులు, సబ్బు, బిగుసుకున్న కిటికీ రెక్కలు లాంటి ఒక్క రోజు పనులు పూర్తి చేయండి. ట్యాంకు, గొట్టం, దీపాలు నెలలో అవుతాయి. గోడ పగలగొట్టి కిటికీ పెట్టడం లాంటివి వేసవి సెలవులకు. ముప్పై రోజుల తర్వాత అదే గదికి, అదే వేళకు, అదే మీటరు పట్టుకుని మళ్ళీ వెళ్ళి, పాత అంకె పక్కనే కొత్త అంకె రాయండి.